ఫిలోడెండ్రాన్ కుండీలో ఎందుకు కుళ్లిపోతోంది: వెలుతురు, నీళ్లు, వేళ్లకు గాలి

సంక్షిప్తంగా: ఫిలోడెండ్రాన్ అమెరికా ఖండాల ఉష్ణమండల అడవుల్లో చెట్లెక్కి బతికే మొక్క. దాని వేళ్లకు తడితో పాటు గాలి కూడా తగలాలి. మన ఇళ్లల్లో ఇవి ఎక్కువగా చచ్చిపోయేది వేళ్లకు ఊపిరాడక. ఎన్ని రోజులకోసారి నీళ్లు పోయాలన్నది కుండీ ఉన్నచోట పడే వెలుతురును బట్టి మారుతుంది కాబట్టి ఒకే లెక్క అందరికీ పనికిరాదు. చలిదేశాల్లో రాసిన సలహాలు ఇక్కడి కిటికీలకు, ఇక్కడి నీళ్లకు చాలావరకు సరిపోవు.

నర్సరీలో కొన్నప్పుడు నిగనిగలాడిన ఫిలోడెండ్రాన్, ఇంటికొచ్చి రెండు నెలలు తిరిగేసరికి కింది ఆకులు ఒక్కొక్కటే పండుబారడం మొదలుపెడుతుంది. ఆకు వాడినట్టు కనిపిస్తుంది కాబట్టి ఇంకో చెంబు నీళ్లు పోస్తారు. నాలుగు రోజులకు ఇంకో రెండు ఆకులు వేలాడిపోతాయి. అప్పుడు ఆన్‌లైన్‌లో వెతికితే ఒకచోట వారానికోసారి నీళ్లు చాలంటారు, ఇంకోచోట మట్టి ఎప్పుడూ తడిగా ఉండాలంటారు, ఒకరు కిటికీకి దూరంగా పెట్టమంటే మరొకరు దక్షిణం వైపు కిటికీలో పెట్టమంటారు. వీటిలో పూర్తిగా అబద్ధం ఏదీ లేదు. ఎవరికి వాళ్లు తమ ఇంటి పరిస్థితిని బట్టి చెప్పినవే. పరిస్థితిని వదిలేసి అంకెను పట్టుకుంటేనే చిక్కొస్తుంది.

## పేరు ఒకటి, మొక్క ఇంకొకటి

ముందు కుండీలో ఉన్నది ఫిలోడెండ్రానేనా అన్నది చూసుకోవాలి. తెలుగు ఇళ్లల్లో హృదయం ఆకారంలో ఆకులుండి పాకే ప్రతి తీగనూ మనీ ప్లాంట్ అనే పిలుస్తారు. అసలు మనీ ప్లాంట్ ఎపిప్రెమ్నమ్ ఆరియం, పసిఫిక్ మహాసముద్రంలో ఫ్రెంచ్ పాలినేషియాలోని మోరియా దీవి దాని సొంతూరు. ఫిలోడెండ్రాన్‌లు మెక్సికో నుంచి దక్షిణ అమెరికా దాకా, కరీబియన్ దీవుల్లోనూ పెరుగుతాయి, దాదాపు 500 జాతులున్నాయి. రెండూ చేమ కుటుంబానివే, అంటే మన చేమదుంపకీ కందకీ చుట్టాలు.

తేడా తెలియాలంటే కొత్త ఆకు వచ్చేచోట చూడాలి. ఫిలోడెండ్రాన్ కొత్త ఆకు పల్చని తొడుగులో చుట్టుకుని బయటికొస్తుంది. ఆకు విచ్చుకున్నాక ఆ తొడుగు ఎండి, గోధుమరంగు కాగితంలా కణుపును అంటిపెట్టుకుని కొన్నాళ్లుండి రాలిపోతుంది. మనీ ప్లాంట్‌కు ఈ తొడుగు ఉండదు, పైగా ఆకు కాడ మీద పొడవునా గాడి తెలుస్తుంది, ఆకు కాస్త మందంగా మైనం పూసినట్టు ఉంటుంది.

నర్సరీల్లో ఆక్సీకార్డియం అని అమ్మేది ఫిలోడెండ్రాన్ హెడరేసియమే. ఆఫీసుల ముందు వరసగా నాటే జనాడు, పెద్ద చీలికల ఆకులుండే సెలోమ్ రెండూ మొన్నమొన్నటి దాకా ఫిలోడెండ్రాన్‌లే; 2018లో వృక్షశాస్త్రజ్ఞులు వాటిని థౌమాటోఫిల్లమ్ అనే వేరే ప్రజాతిలోకి మార్చారు. చిల్లుల ఆకుల మాన్‌స్టెరాను కూడా ఫిలోడెండ్రాన్ పేరుతో అమ్మేవాళ్లున్నారు. వీటన్నిటి సంరక్షణ ఇంచుమించు ఒకటే కాబట్టి పేరు తప్పినందువల్ల మొక్కకు ప్రమాదమేమీ లేదు, డబ్బు దగ్గర మాత్రం ఉంది. పింక్ ప్రిన్సెస్ అనే ఫిలోడెండ్రాన్ రకం ఆకు మీద గులాబీ మచ్చలు ఆ మొక్క కణాల్లోని తేడా వల్ల వచ్చేవి, ఏ ఆకుకు ఎంత రంగు వస్తుందో ఎవరూ చెప్పలేరు కానీ రంగు నిజమైనది. పింక్ కాంగో అని అమ్మినదానికి రసాయనంతో రంగు తెప్పిస్తారు, కొన్ని నెలలకు కొత్త ఆకులన్నీ మామూలు పచ్చగానే వస్తాయి. ఎక్కువ ధర పెట్టేముందు ఈ రెండింటి తేడా తెలిసి ఉండటం మంచిది.

## చెట్టును పట్టుకుని బతికే వేరు

గ్రీకులో ఫిలోడెండ్రాన్ అంటే చెట్టును ప్రేమించేది అని అర్థం. 1600ల చివర్లో ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు చార్లెస్ ప్లూమియే కరీబియన్ దీవుల్లో ఈ మొక్కలను సేకరించాడు, వియన్నాలో పనిచేసిన హైన్రిష్ విల్‌హెల్మ్ షాట్ 1829లో ఈ పేరు పెట్టాడు. ఎలా పెంచాలో ఆ పేరే చాలావరకు చెప్పేస్తుంది. వీటిలో చాలా జాతులు నేలమీద మొలిచి పక్కనున్న చెట్టు మానును పట్టుకుని పైకి పోతాయి. కొన్ని కొమ్మల సందులోనే మొలిచి కిందికి వేళ్లు దింపుతాయి. ఎలా మొదలైనా, వేళ్లలో చాలా భాగం బెరడు మీద, నాచులో, రాలిన ఆకుల చెత్తలో ఉంటుంది. వాన పడితే వేరు ఒక్కసారిగా తడిసిపోతుంది, వాన వెలిస్తే నీరు జారిపోయి గాలి తగులుతుంది, మర్నాడు మళ్లీ తడుస్తుంది. రోజుల తరబడి బురదలో కూరుకుపోయి ఉండటం ఆ వేరుకు అలవాటు లేదు.

## కుండీలో జరిగేదేమిటి

ఆకు లాగే వేరు కూడా ఊపిరి పీలుస్తుంది. నీళ్లనూ పోషకాలనూ లోపలికి లాక్కోవడానికి దానికి శక్తి కావాలి, ఆ శక్తికి ఆక్సిజన్ కావాలి. మట్టి రేణువుల మధ్య ఖాళీల్లో గాలి ఉన్నంతసేపూ ఇబ్బంది లేదు. ఆ ఖాళీలన్నీ నీటితో నిండిపోతే లెక్క మారిపోతుంది. 30 డిగ్రీల దగ్గర లీటరు గాలిలో దాదాపు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే, అదే వేడిలో లీటరు నీటిలో 7, 8 మిల్లీగ్రాములకు మించి కరగదు. పైగా ఆక్సిజన్ గాలిలో కదిలినంత సులువుగా నీటిలో కదల్లేదు, అక్కడ దాని వేగం దాదాపు 10,000 రెట్లు తక్కువ. అంటే కుండీ అడుగున ఉన్న కొద్దిపాటి ఆక్సిజన్‌ను వేళ్లూ, మట్టిలోని సూక్ష్మజీవులూ వాడేసుకున్నాక పైనుంచి కొత్తది వచ్చే దారి దాదాపు మూసుకుపోయినట్టే.

అక్కడి నుంచి జరిగేది చూస్తే చాలామంది చేసే పొరపాటు ఎక్కడుందో తెలుస్తుంది. శక్తి అందని వేరు చుట్టూ ఉన్న నీటిని కూడా లాక్కోలేదు. ఆకుకు నీరు అందదు. ఆకు వాడుతుంది. చూసేవాళ్లకు అది అచ్చం దాహంతో వాడినట్టే ఉంటుంది, అందుకే ఇంకా నీళ్లు పోస్తారు, మిగిలిన కాస్త గాలి కూడా పోతుంది. నీరసించిన వేరును పిథియం లాంటి కుళ్లు తెగుళ్లు పట్టుకుంటాయి.

అనుమానం వస్తే ఆకును కాకుండా వేరునే చూడాలి. కుండీని పక్కకు వంచి మొక్కను మట్టిగడ్డతో సహా మెల్లగా జారిస్తే, మంచి వేరు తెల్లగానో లేత గోధుమరంగులోనో గట్టిగా ఉంటుంది. కుళ్లినది నల్లగా మెత్తబడి ఉంటుంది. రెండు చేతివేళ్లతో పట్టుకుని లాగితే పైతోలు జారిపోయి లోపల దారంపోగు లాంటిది మాత్రం మిగులుతుంది. మురుగు వాసన కూడా వస్తుంది. ఈ రెండూ కనిపిస్తే ఇక ఎరువులూ, మందులూ వెతకాల్సిన పని లేదు, కారణం చేతికి దొరికింది.

మరి మనీ ప్లాంట్ నెలల తరబడి సీసా నీళ్లల్లో ఎలా బతుకుతుందని అడగొచ్చు. నీటిలోనే పుట్టిన వేరు నీటికి తగ్గట్టే తయారవుతుంది, దాని లోపల గాలి ప్రయాణించే ఖాళీలు ఎక్కువగా ఏర్పడతాయి. ఫిలోడెండ్రాన్ కొమ్మను సీసాలో పెట్టినా అలాగే బతుకుతుంది. మట్టిలో పుట్టి పెరిగిన వేరును ఉన్నట్టుండి నీటిలో ముంచేస్తే మాత్రం అది మారేలోపే ఊపిరాడక పోతుంది. సీసాలో కుళ్లడానికి మట్టీ చెత్తా లేకపోవడం, నీళ్లు మారుస్తుండటం కూడా కలిసొస్తాయి.

ఎండాకాలంలో ఈ ప్రమాదం తగ్గుతుందనుకుంటారు కానీ అది సగమే నిజం. వేడెక్కిన నీటిలో ఆక్సిజన్ ఇంకా తక్కువ కరుగుతుంది, వేడికి వేరు ఊపిరి తీసుకునే వేగం పెరుగుతుంది. బాల్కనీలో ఎండకు కాలిపోయే నల్లటి ప్లాస్టిక్ కుండీలో నీళ్లు నిలిస్తే వేరుకు అవసరం పెరిగిన సమయంలోనే సరఫరా తగ్గిపోతుంది.

ఇదంతా మట్టి ఎంపికకు నేరుగా సంబంధించిన విషయం. నల్లరేగడి గానీ, ఉత్త ఎర్రమట్టి గానీ కుండీలో వేసి నాలుగుసార్లు నీళ్లు పోస్తే గట్టిపడి ఖాళీలు మూసుకుపోతాయి. ఉత్త కొబ్బరి పొట్టు కూడా స్పాంజిలా నీటిని పట్టుకుని అడుగున రోజుల తరబడి తడిగానే ఉంచుతుంది. కొబ్బరి పొట్టుకు తోడు గట్టి ముక్కలు కలపాలి: కొబ్బరి డొక్క ముక్కలు, బొగ్గు ముక్కలు, పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు), దొరికితే చెట్టు బెరడు. సుమారుగా సగం ఈ ముక్కలే ఉండి, పావు వంతు కొబ్బరి పొట్టు, పావు వంతు వర్మీకంపోస్ట్ ఉంటే వేరుకు గాలీ తడీ రెండూ అందుతాయి. కొబ్బరి పొట్టులోనూ డొక్కలోనూ ఉప్పు ఉంటుంది కాబట్టి ఒకరోజు నానబెట్టి కడిగాకే వాడాలి. అడుగున చిల్లు లేని పింగాణీ కుండీ ఎంత అందంగా ఉన్నా ఈ మొక్కకు పనికిరాదు, మరీ నచ్చితే చిల్లులున్న కుండీని అందులో పెట్టుకోవాలి. మొక్కకన్నా మరీ పెద్ద కుండీ కూడా ఇబ్బందే, వేళ్లు చేరని మట్టిలో తడి ఆరదు.

## ఎన్ని రోజులకు నీళ్లు అన్నది కిటికీ చెబుతుంది

మొక్క తాగే నీటిలో అతి కొద్ది భాగమే దాని ఒంట్లో నిలుస్తుంది, మిగతాదంతా ఆకుల్లోంచి ఆవిరైపోతుంది. ఆ ఆవిరి ఎంత వేగంగా పోతుందన్నది వెలుతురు, వేడి, గాలిలో తేమ కలిసి నిర్ణయిస్తాయి. ఇంట్లో వీటిలో ఎక్కువ తేడా వచ్చేది వెలుతురు దగ్గరే. మిట్టమధ్యాహ్నం ఆరుబయట దాదాపు 1,00,000 లక్స్ వెలుతురు ఉంటుంది. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన అది వేలల్లోకి, గది మధ్యకు వచ్చేసరికి వందల్లోకి పడిపోతుంది. మన కన్ను సర్దుకుపోతుంది కాబట్టి ఇంత తేడా ఉందని తెలియదు. టీవీ పక్క మూల మనకు వెలుగ్గానే కనిపిస్తుంది, మొక్కకు అది చీకటి.

కాబట్టి ఒకే రకం మొక్క, ఒకే కుండీ, ఒకే ఊరు అయినా బాల్కనీ నీడలో నాలుగు రోజులకు ఆరిపోయే మట్టి హాలు మూలలో రెండు వారాలైనా ఆరకపోవచ్చు. వారానికి రెండుసార్లు అనే లెక్క మొదటిదానికి సరిపోయి రెండోదాన్ని చంపేస్తుంది. వేలు రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చి, అక్కడ కూడా పొడిగా తగిలాకే పోయాలి, పోసినప్పుడు అడుగు చిల్లులోంచి కారేదాకా పోయాలి, పళ్లెంలో నిలిచినది పారబోయాలి. ఇంకో సులువైన పద్ధతి కుండీని ఎత్తి చూడటం. నీళ్లు పోసిన రోజు ఒకసారి, ఆరాక ఒకసారి ఎత్తిచూస్తే నాలుగైదు సార్లకు చేతికే తెలిసిపోతుంది.

కిటికీల సంగతి కొంచెం వివరంగా చూడాలి, చలిదేశపు సలహాలు బాగా దెబ్బతీసేది ఇక్కడే. లండన్‌లో డిసెంబర్ మధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన ఆకాశంలో సుమారు 15 డిగ్రీల ఎత్తుకు మించి రాడు. అందుకే అక్కడివాళ్లు దక్షిణపు కిటికీ వెలుతురు కోసం అంత పట్టుబడతారు. హైదరాబాద్‌లో అదే డిసెంబర్ మధ్యాహ్నం సూర్యుడు దాదాపు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. మే 9, ఆగస్టు 3 ప్రాంతంలో సరిగ్గా నడినెత్తిన నిలబడతాడు, నీడ కాళ్ల కిందికి వచ్చేస్తుంది. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు మనకు కాస్త ఉత్తరంగానే ఉంటాడు. కాబట్టి ఇక్కడ దక్షిణపు కిటికీలో ఎండ చలికాలంలో లోపలికి వస్తుంది, వేసవిలో దాదాపు రాదు. తూర్పు కిటికీ పొద్దుటి మెత్తటి ఎండ ఈ మొక్కకు బాగా నప్పుతుంది. ఆకుల మీద తెల్లగా కాలిన మచ్చలు తెచ్చేది ఎక్కువగా పడమటి కిటికీ, అదీ మార్చి నుంచి మే దాకా మధ్యాహ్నం మూడు గంటల ఎండ. ఆ నెలల్లో కుండీని మూడు నాలుగు అడుగులు లోపలికి జరపడమో, పల్చని తెర వేయడమో చేస్తే సరిపోతుంది. న్యూజెర్సీలోనో లండన్‌లోనో ఉన్న తెలుగువాళ్లకు మాత్రం ఆ దక్షిణపు కిటికీ సలహా ఉన్నదున్నట్టు పనికొస్తుంది, వాళ్లకు చలికాలంలో హీటర్ వల్ల గది గాలి ఎండిపోవడం అదనపు ఇబ్బంది.

## కడియం నీడలోంచి ఫ్లాట్ హాల్లోకి

రెండు రాష్ట్రాల్లో అమ్ముడయ్యే మొక్కలు చాలావరకు రాజమహేంద్రవరం పక్కనున్న కడియం, కడియపులంక నర్సరీల నుంచే వస్తాయి. అక్కడ గోదావరి గాలిలో తేమ ఉంటుంది, నెత్తిన ఆకుపచ్చ షేడ్‌నెట్, రోజూ నీళ్లు. ఆ మొక్క లారీ ఎక్కి హైదరాబాద్‌లో ఏప్రిల్‌లో దిగితే, మధ్యాహ్నం గాలిలో తేమ 30 శాతం లోపుకు పడిపోవడం ఇక్కడ మామూలే. తేమలో పెరిగిన పల్చని ఆకు ఈ పొడిగాలికి అంచులు మాడ్చుకుంటుంది. పాతవి రెండు మూడు ఆకులు రాలినా కంగారు పడక్కర్లేదు, కొత్తగా వచ్చే ఆకు ఇక్కడి గాలికి తగ్గట్టే వస్తుంది. విశాఖలోనో కాకినాడలోనో ఈ బాధ తక్కువ, అక్కడ తడి ఆరకపోవడమే ఇబ్బంది. ఆదిలాబాద్ వైపు చలికాలపు రాత్రుల్లో మాత్రం మొక్కను లోపల పెట్టాలి, 12 డిగ్రీల కన్నా చలి పెరిగితే దీనికి పడదు.

నర్సరీ కవరులో చాలాసార్లు బంకమట్టి గడ్డ ఉంటుంది. రోజూ ఎండా గాలీ తగిలే నర్సరీలో అది ఆరిపోతుంది, ఇంట్లో ఆరదు. కొన్న మర్నాడే మార్చేయకుండా రెండు వారాలు ఇంటికి అలవాటు పడనిచ్చి, పైన చెప్పిన మిశ్రమంలోకి మార్చడం మేలు. మట్టిగడ్డను బకెట్ నీటిలో నానబెట్టి కడిగితే వేళ్లు తెగకుండా వదులుతుంది. వానలు మొదలయ్యాక చేస్తే త్వరగా కోలుకుంటుంది.

ఆకుల మీద నీళ్లు చిలకరిస్తే తేమ పెరుగుతుందన్నది బాగా ప్రచారంలో ఉన్న మాట. ఆ తేమ కొన్ని నిమిషాలే ఉంటుంది. నాలుగైదు కుండీలను దగ్గర దగ్గరగా పెట్టడం, ఏసీ గాలి సూటిగా తగలకుండా చూడటం అంతకన్నా ఎక్కువ మేలు చేస్తాయి. పొద్దున్నే ఆకు కొసన నీటిబొట్టు వేలాడుతూ కనిపిస్తే అది జబ్బు కాదు, రాత్రి వేళ్లు ఎక్కువగా తీసుకున్న నీటిని మొక్క అలా బయటికి పంపుతుంది.

## ఏ నీళ్లు

బోరు నీటిలో లవణాలు ఎక్కువ. నీరు ఆవిరైపోయినా అవి మట్టిలోనే మిగిలిపోతాయి, కుండీ అంచున తెల్లటి పొరలా కనిపించేది అదే. లవణాలు పేరుకున్నకొద్దీ వేరు నీటిని లాక్కోవడం కష్టమవుతుంది, ఆకు కొసలు గోధుమరంగుకు తిరుగుతాయి. ఆర్‌ఓ ఫిల్టర్ వదిలే వేస్ట్ నీళ్లను పారబోయడానికి మనసొప్పక మొక్కలకు పోసేవాళ్లు చాలామంది. మంచి ఉద్దేశమే, కానీ ఫిల్టర్ మన తాగునీటిలోంచి తీసేసిన లవణాలన్నీ ఆ నీటిలోనే చేరి ఉంటాయి కాబట్టి కుండీ మొక్కకు అది అసలు బోరు నీటికన్నా చెడ్డది. ఇల్లు కడగడానికి వాడుకోవచ్చు. దానికి బదులు ఏసీ పైపులోంచి కారే నీటిని పట్టి పోయొచ్చు, గాలిలోని ఆవిరి చల్లబడి కారేది కాబట్టి అందులో లవణాలు దాదాపు ఉండవు. వాన నీళ్లు ఇంకా మంచివి. బోరు నీళ్లు తప్ప దారి లేకపోతే నెలకోసారి కుండీకి రెండు మూడింతల నీళ్లు పోసి కిందికి పూర్తిగా కారనిస్తే పేరుకున్నవి కొంత కొట్టుకుపోతాయి.

ఎరువు కూడా లవణమే. నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే 19:19:19 లాంటిది లీటరు నీటికి ఒక గ్రాము కలిపి నెలకోసారి, అదీ కొత్త ఆకులు వేస్తున్నప్పుడే. వాడిపోయిన మొక్కకు ఎరువు వేయడం తప్పు.

## ఎక్కనిస్తే ఆకు పెద్దదవుతుంది

కోనసీమలో కొబ్బరి చెట్టెక్కిన మనీ ప్లాంట్‌ను చూసినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. వంటింటి గట్టు మీద సీసాలో అరచేతిలో ఇమిడే ఆకులేసే తీగే, చెట్టెక్కాక చేటంత ఆకులేస్తుంది, వాటికి చీలికలు కూడా వస్తాయి. ఎక్కే రకం ఫిలోడెండ్రాన్‌లదీ అదే తీరు. కిందికి వేలాడదీస్తే కణుపుల మధ్య దూరం పెరిగి ఆకులు చిన్నవవుతాయి, నిలువుగా ఆధారమిచ్చి గాలివేళ్లు దాన్ని పట్టుకోనిస్తే ఆకు పెద్దదవుతుంది. కొబ్బరి పీచు చుట్టిన కర్ర చాలు, కానీ అది తడిగా ఉంటేనే వేరు పట్టుకుంటుంది. గ్లోరియోసమ్ లాంటి కొన్ని జాతులు మట్టి మీద అడ్డంగా పాకుతాయి, వాటికి కర్ర కాదు, వెడల్పాటి కుండీ కావాలి.

## పురుగులు, దురద, గాలి శుద్ధి

పొడి వేసవిలో ఎర్రనల్లి, ఆకు కాడల సందుల్లో దూది పింజల్లా పిండినల్లి వస్తాయి. తడిగుడ్డతో ఆకు రెండు వైపులా తుడవడం, వేప నూనెలో కాస్త సబ్బు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయడం, వారం తర్వాత మళ్లీ చేయడం మొదట్లోనే మొదలుపెడితే సరిపోతాయి.

కంద తరిగేటప్పుడు చేతులకు నూనె ఎందుకు రాసుకుంటారో, చేమాకులో చింతపండు ఎందుకు వేస్తారో తెలిసిన ఇళ్లల్లో ఈ మొక్క ప్రమాదం వివరించడం తేలిక. ఫిలోడెండ్రాన్ ఆకుల్లోనూ అవే సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. పాకే పసిపిల్లలు గానీ, కుక్కపిల్ల గానీ, పిల్లి గానీ నమిలితే నోరు మండి, వాచి, చొంగ కారుతుంది. ప్రాణం మీదికి రావడం అరుదు, అయినా అందని ఎత్తులో పెట్టాలి. నోరు, గొంతు బాగా వాచినా, మింగడం కష్టమైనా డాక్టరుకు చూపించాలి.

ఇక గాలిని శుద్ధి చేస్తుందన్న మాట. 1989లో నాసా శాస్త్రవేత్త బిల్ వూల్వర్టన్ బృందం మూసేసిన చిన్న గదుల్లాంటి పెట్టెల్లో మొక్కలను పెట్టి పరీక్షించింది, వాటిలో ఫిలోడెండ్రాన్‌లూ ఉన్నాయి. ప్రచారం అక్కడి నుంచే మొదలైంది. 2019లో డ్రెక్సెల్ యూనివర్సిటీ పరిశోధకులు అలాంటి పరీక్షలన్నిటినీ కలిపి లెక్క కట్టి, మామూలు గదిలో తలుపుల, కిటికీల ద్వారా మారే గాలితో సమానంగా శుద్ధి చేయాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1,000 మొక్కలు కావాలని తేల్చారు. ఈ మొక్కను కొనడానికి దాని అందం చాలు.

## కుళ్లు మొదలైన మొక్కను కాపాడటం

వేరు పూర్తిగా పోయినా కాండం గట్టిగా ఉంటే మొక్క మిగిలినట్టే. మట్టంతా కడిగేసి, నల్లబడిన వేళ్లను శుభ్రమైన కత్తెరతో కత్తిరించాలి. కాండం కూడా మెత్తబడి ఉంటే కోసినచోట లోపల పచ్చగా కనిపించేదాకా పైకి కోసుకుంటూ పోవాలి. మిగిలిన తీగను ఒక్కో ముక్కకు కనీసం ఒక కణుపు ఉండేలా కోయాలి, ఎందుకంటే కొత్త చిగురు కణుపు దగ్గరే పుడుతుంది. కణుపు లేని ఒంటరి ఆకు నీళ్లల్లో వేళ్లు వేసినా మొక్క కాదు. కోసిన చివర కొన్ని గంటలు ఆరాక సీసా నీళ్లల్లో పెట్టి, ఎండ నేరుగా పడని వెలుతురులో ఉంచి, నాలుగైదు రోజులకోసారి నీళ్లు మార్చాలి. వేళ్లు రెండు అంగుళాలు దాటగానే గుల్లగా ఉండే మిశ్రమంలోకి, చిన్న కుండీలోకి మార్చుకోవాలి, సీసాలో మరీ ఆలస్యం చేస్తే నీటికి అలవాటైన వేరు మట్టిలో కుదురుకోవడానికి ఎక్కువ కాలం పడుతుంది. మొదటి కొత్త ఆకు తొడుగు విప్పుకునేదాకా ఎరువు వేయకూడదు.